డబ్బా నంబరు

సంక్రాంతి సెలవుల్లో మా తాతయ్యకి ఒక అబద్ధం చెప్పాను. చెప్పేటప్పటికి అది అబద్ధమని నాకు తెలీదు. పైగా పైథాన్‌లో లెక్క కట్టి, రెండు దశాంశ స్థానాల వరకూ చెప్పాను.

గొడవంతా ఒక జేబు గడియారం గురించి. ఒమెగా కంపెనీది. వెండి డబ్బా, తెల్లటి డయలు, ఆరు అంకె ఉండాల్సిన చోట సెకన్లకి ఒక బుల్లి చక్రం. దుగ్గిరాల దగ్గర మా ఊళ్ళో, తాతయ్య మంచం పక్కన గూట్లో ఉంటుంది. రోజూ పొద్దున్నే కాఫీ తాగాక దానికి కీ ఇస్తాడు. టైము మాత్రం ఫోన్‌లోనే చూస్తాడు. "మరి కీ ఎందుకు తాతయ్యా?" అని చిన్నప్పుడు అడిగితే "దానికి అలవాటైపోయిందిలే అమ్మడూ" అన్నాడు.

ఆ వాచీ, తాతయ్య ఒక ఈడువాళ్ళని మా ఇంట్లో చెప్పుకుంటారు. వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, కాలవ లాకుల దగ్గర గుమాస్తాగా చేసేవాడు. తాతయ్య పుట్టిన ఏడు మినుములు బాగా పండాయట. ఆ డబ్బులతో ముత్తాత బెజవాడ వెళ్ళి ఈ వాచీ కొనుక్కొచ్చాడట. తెనాలి కాల్పులు జరిగిన ఏడు, కార్తీకంలో, విషజ్వరం వచ్చి పోయాడు. ఈ "కాల్పుల ఏడు" ఏంటో నేను వెతికి చూశాను. క్విట్ ఇండియా అప్పుడు, 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసులు కాల్పులు జరిపారు. తెనాలిలోని రణరంగ చౌక్ పేరు అందుకే వచ్చింది. నేను కొన్ని వందల సార్లు ఆ చౌక్ మీదుగా ఆటోలో వెళ్ళాను, ఎప్పుడూ ఆలోచించలేదు.

అప్పటికి తాతయ్యకి ఐదేళ్ళు. వాళ్ళ నాన్న మొహం గుర్తు లేదు. ఫోటో లేదు. గుర్తున్నదల్లా ఒక్కటే: ఎవరో ఎత్తుకుని ఉండగా చెవి దగ్గర టిక్ టిక్ మని చప్పుడు. ఆ ఎత్తుకున్నది నాన్నేనని ఆయన నమ్మకం.

అయితే ఆ "ఐదేళ్ళు" అనేదే అసలు గ్యారంటీ లేని సంగతి. తాతయ్య సర్టిఫికెట్‌లో పుట్టినరోజు 1-7-1936. (మన తాతయ్యల్లో చాలామంది జూలై ఒకటినే పుట్టారని మీరెప్పుడైనా గమనించారా? ఒక తరం మొత్తానికి అది డీఫాల్ట్ వాల్యూ.) బళ్ళో వేసేటప్పుడు పంతులుగారు వేసిన తారీఖు అది. వాళ్ళమ్మ మాత్రం "నువ్వు ఈశ్వర నామ సంవత్సరంలో పుట్టావురా" అనేదట. మొత్తం అరవై పేర్లు. నేను ఇంగ్లీష్ మీడియం బాపతు కాబట్టి ఆ జాబితా కూడబలుక్కుని చదివాను. ప్రభవ, విభవ, శుక్ల… అరవై అయ్యాక మళ్ళీ మొదటికి. మన భాషలో చెప్పాలంటే మాడ్యులో 60. అందుకని ఈశ్వర అంటే 1877 కావచ్చు, 1937 కావచ్చు, 1997 కావచ్చు. తాతయ్య విషయంలో 1937 ఉగాది నుంచి 1938 ఉగాది వరకు. సర్టిఫికెట్‌కీ దీనికీ దాదాపు ఏడాది తేడా.

పాత జేబు గడియారాల వయసుని సీరియల్ నంబరుతో కనుక్కోవచ్చని ఎక్కడో చదివాక నాకు ఐడియా వచ్చింది. వాచీ పుట్టిన సంవత్సరం తెలిస్తే తాతయ్య పుట్టిన సంవత్సరం తేలిపోతుంది కదా!

ఈ నంబర్ల లోకం మహా సరదాగా ఉంటుంది. వాచీ పాడైతే సరైన విడిభాగం పంపాలన్నా, ఏ వాచీ ఎవరికి అమ్మారో రాసుకోవాలన్నా ఫ్యాక్టరీకి నంబరు కావాలి. కాబట్టి వరసగా వేసుకుంటూ పోయారు. డేటాబేస్‌లో ఆటో ఇంక్రిమెంట్ పెట్టినట్టే. అమెరికాలో ఎల్జిన్ అనే కంపెనీ 1867లో అమ్మిన మొట్టమొదటి వాచీ నంబరు 1 కాదు, 101. (మనవాళ్ళయితే 116 వేసేవాళ్ళు.) స్విట్జర్లాండ్‌లో లాంజీన్ వాళ్ళు అదే 1867లో ఒకటితో మొదలుపెట్టి 1899కల్లా పది లక్షలకి చేరారు. ఏ నంబరు వాచీ ఏ తారీఖున ఎవరికి వెళ్ళిందో చేత్తో రాసిన వాళ్ళ రిజిస్టర్లు సెంటిమియే అనే ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. మన తాలూకాఫీసు రికార్డు రూముతో పోల్చుకుంటే కళ్ళు చెమరుస్తాయి.

ఒమెగాది కూడా ఇలాంటి పట్టికే. 1895లో 10 లక్షలు. 1923లో 60 లక్షలు. 1929లో 70, 1935లో 80, 1939లో 90. 1944లో కోటి. మధ్యలో ఉన్న నంబరుకి సంవత్సరం కావాలంటే రెండు చివర్లూ పట్టుకుని సరళరేఖ గీయడమే. లీనియర్ ఇంటర్‌పొలేషన్, ఆరు లైన్ల కోడు.

భోగి నాడు మధ్యాహ్నం తాతయ్య నిద్రపోతుంటే గూట్లోంచి వాచీ తీసి, వెనక మూతని గోరుతో లేపాను. మూత లోపలివైపు నంబరు కనపడింది. 98 లక్షల 10 వేల చిల్లర. ఆ మూత కింద ఇంకో మూత, అద్దంలా మెరుస్తూ ఉంది. అది ఊడి రాలేదు. నాకు కావలసింది దొరికింది కదా అని వదిలేశాను. కోడు రన్ చేస్తే 1943.05 వచ్చింది.

1943. మా ముత్తాత పోయిన తర్వాతి ఏడాది.

ఇక్కడ నేను చేయాల్సిన పని ఏంటంటే, ల్యాప్‌టాప్ మూసేసి అరిసె తినడం. నేను చేసిందేంటంటే, రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ప్రకటించడం. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగానే ప్రకటించాను. ఇంట్లో మొదటిసారి నా చదువు పనికొచ్చిన సందర్భం మరి. నాన్న ఒక్క క్షణం ఆగి "మరి నాయనమ్మ అలా ఎందుకు చెప్పిందో" అన్నాడు. బాబాయ్ "ఎవరో తాకట్టు పెట్టి విడిపించుకోని వాచీ అయ్యుంటుంది" అని నవ్వాడు. తాతయ్య నవ్వలేదు.

"అయితే అది మా నాన్నది కాదంటావ్."

"డేటా అలా చెప్తోంది తాతయ్యా."

మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు వాచీకి కీ ఇవ్వలేదు. ఆ తర్వాత రోజూ ఇవ్వలేదు. కనుమ అయ్యాక మేము గుంటూరు బయల్దేరుతుంటే వాచీని జేబురుమాలులో చుట్టి నాన్న చేతిలో పెట్టాడు. "మీ దగ్గరే ఉంచండి. నాకెందుకు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాతో మామూలుగానే మాట్లాడాడు, జాగ్రత్తగా వెళ్ళమన్నాడు, ఎప్పటిలాగే ఐదు వందలు చేతిలో పెట్టాడు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

కాలేజీకి వచ్చాక ఒక నెల ఆ సంగతి కదిపే ధైర్యం చేయలేదు. తర్వాత ప్రాబబిలిటీ క్లాసులో సార్ ఒక కథ చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకి ఎన్ని ట్యాంకులు తయారు చేస్తోందో మిత్రరాజ్యాలకి తెలియాలి. గూఢచారుల లెక్క ప్రకారం 1942 ఆగస్టులో నెలకి 1550. గణాంకశాస్త్రం వాళ్ళు మాత్రం పట్టుబడిన ట్యాంకుల మీది సీరియల్ నంబర్లు తీసుకుని 327 అని తేల్చారు. యుద్ధం అయ్యాక జర్మన్ల రికార్డుల్లో చూస్తే 342. లెక్క కూడా చాలా చిన్నది. నంబర్లు ఒకటి నుంచి మొదలై వరసగా ఉన్నాయనుకుంటే, మనకి దొరికిన వాటిలో అన్నిటికంటే పెద్ద నంబరు తీసుకోవాలి. దాన్ని దొరికిన ట్యాంకుల సంఖ్యతో భాగించి, వచ్చింది ఆ నంబరుకే కలిపి, ఒకటి తీసేయాలి. అంతే.

1942 ఆగస్టు అనగానే నేను ఉలిక్కిపడ్డాను. మా ఇంట్లో ఆ నెలకి వేరే అర్థం ఉంది కదా. కానీ నన్ను పట్టుకున్నది ఆ తర్వాత సార్ మామూలుగా అనేసిన ఇంకో మాట. ట్యాంకు మీద ఒక్క నంబరు ఉండదు. ఛాసిస్‌కి ఒకటి, ఇంజనుకి ఒకటి, గేర్‌బాక్సుకి ఒకటి. అన్నీ ఒకేలా పనికిరావు. గేర్‌బాక్సు నంబర్లు తెగకుండా వరసగా ఉండటంతో అవి బాగా ఉపయోగపడ్డాయట. ఏ నంబరు దేనిదో ముందు తేల్చుకోవాలి, ఫార్ములా తర్వాత.

వెనక బెంచీలో నాకు ఆ రెండో మూత గుర్తొచ్చింది. ఊడి రాలేదని నేను వదిలేసిన మూత.

ఆ రాత్రి చదివితే తెలిసింది, వాచీల వయసు కనుక్కోవడం మొదలుపెట్టిన ప్రతివాడూ చేసే మొదటి తప్పు ఇదేనని. అమెరికా వాచీల విషయంలో ఇది మరీ ఎక్కువ. వాల్తమ్, ఎల్జిన్ లాంటి కంపెనీలు చాలావరకు లోపలి యంత్రాన్నే చేసి అమ్మేవి. డబ్బాలు వేరే కంపెనీలు చేసేవి. కొనేవాడు షాపులో తనకి నచ్చిన యంత్రం, తన జేబుకి తగ్గ డబ్బా విడివిడిగా ఎంచుకుంటే షాపతను రెండూ బిగించి ఇచ్చేవాడు. రెండింటి మీదా నంబర్లుంటాయి, కానీ రెండు వేరే కంపెనీల నంబర్లు. ఒకదాని పట్టికలో ఇంకోదాన్ని వెతికితే, నా రోల్ నంబరుతో మీ ఆధార్ వివరాలు వెతికినట్టుంటుంది. ఒమెగాలో కూడా డబ్బా నంబర్ల వరస వేరు, యంత్రం నంబర్ల వరస వేరు. ఆ పట్టిక యంత్రం నంబర్లది.

నేను చూసింది మూత మీద. అంటే డబ్బాది.

శనివారం ఇంటికెళ్ళి, బీరువాలోంచి వాచీ తీసుకుని, గుంటూరులోనే ఒక సందు చివరున్న వాచీల షాపుకి వెళ్ళాను. షాపంటే ఒక మనిషి, ఒక అద్దాల పెట్టె, ఒక టేబుల్ లైటు పట్టేంత జాగా. ఆయనకి డెబ్బై పైనే ఉంటాయి. కంటికి భూతద్దం తగిలించుకుని వాచీని తిప్పి చూశారు. నంబరు చూశానని నేను చెప్తే "అది డబ్బా నంబరమ్మా. మిషను నంబరు లోపలుంటది" అన్నారు. నేను రెండు నెలలు మోసిన విషయాన్ని ఆయన అరసెకనులో చెప్పేశారు. సన్నటి బ్లేడు లాంటి కత్తి అంచుకి ఆనించి తిప్పగానే టక్కుమని రెండో మూత తెరుచుకుంది.

లోపల చూడటం నాకదే మొదటిసారి. బంగారు రంగు పలకలు, నీలం మరలు, ఎర్రటి రాళ్ళు. పలక అంచున సన్నగా చెక్కిన నంబరు. 86 లక్షల 20 వేల చిల్లర.

అక్కడే నిలబడి ఫోన్‌లో లెక్క కట్టాను. 80 లక్షలు 1935లో, 90 లక్షలు 1939లో. వచ్చిన జవాబు 1937.48.

ఎగిరి గంతేయాలనిపించింది కానీ ఈసారి భయం వేసింది. ఒకసారి కాలింది కదా. కాబట్టి కూర్చుని ఆలోచించాను. పట్టికలో నాలుగేళ్ళకి రెండే చుక్కలున్నాయి. మధ్యలో ఫ్యాక్టరీ ప్రతి నెలా సమానంగా చేసిందని నేను అనుకున్నానంతే, ఎవరూ చెప్పలేదు. ఆ .48 అన్నది ఉత్త ఆర్భాటం. ఏడాది అటూ ఇటూ కావచ్చు. ఇంకోటి, అది ఫ్యాక్టరీలో నంబరు పడిన తేదీ. అక్కడినుంచి ఓడెక్కి, బెజవాడ షాపు అద్దాల్లో ఎన్నాళ్ళు కూర్చుందో నంబరు చెప్పదు.

కానీ మినుములు కొంచెం చెప్తాయి. మా వైపు వరి కోశాక మినుము. చేతికొచ్చేది ఫిబ్రవరి, మార్చిల్లో. తాతయ్య ఈశ్వరలో పుట్టి ఉంటే ఆ మినుములు 1938 మొదట్లోవి. 1937 మధ్యలో స్విట్జర్లాండ్‌లో తయారైన వాచీ 1938 మార్చికి బెజవాడలో దొరకడం చక్కగా సరిపోతుంది. సర్టిఫికెట్ నిజమైతే మాత్రం అవి 1937 మొదట్లోవి అవ్వాలి. అప్పటికి ఈ వాచీ తయారై ఉండటం కష్టం, అసాధ్యమేం కాదు. అంటే వాళ్ళమ్మ మాటవైపు తక్కెడ కొంచెం మొగ్గింది. అంతకుమించి నేను ఏమీ అనను.

నేను ఈ లెక్కల్లో ఉండగా పెద్దాయన "ఇది చూశావా" అని మొదటి మూత లోపలివైపు దీపం కింద పెట్టారు. డబ్బా నంబరు కింద, సూదితో గీసినట్టు ఏవో గీతలు. నేను సంక్రాంతికి చూసినప్పుడు అవి గీరుకుపోయిన మచ్చలనుకున్నాను. "బాగుచేసినప్పుడు మేం గీసుకుంటామమ్మా. మళ్ళీ వస్తే మన చేతి పనా, కాదా తెలియాలి గదా." రెండు మూడు గుర్తులున్నాయి. ఒకటి అసలు చదవడానికి రాలేదు. ఇంకోటి మాత్రం భూతద్దంలో స్పష్టంగా ఉంది: 2-53.

"యాభై మూడు ఫిబ్రవరా అండీ?"

"కావచ్చు. ఆయన లెక్క ఆయనది."

శుభ్రం చేసి నూనె వేయడానికి ఆరు వందలు తీసుకున్నారు. వాడకుండా పెట్టెలో పడేస్తే నూనె ఎండి గట్టిపడుతుందని, కొన్నేళ్ళకి మిషను పట్టేస్తుందని చెప్పారు. మూత మీద తన గుర్తు కూడా గీశారు. నేనడిగితే అదేంటో మాత్రం చెప్పలేదు.

ఉగాదికి ఊరెళ్ళాను. వాచీ నా జేబులోనే ఉంది. తాతయ్య అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. డబ్బా, మిషను, రెండు నంబర్లు, మినుములు. పేపరు దించి విన్నాడు.

"అంటే మొన్న చెప్పింది తప్పా?"

"తప్పే తాతయ్యా. సారీ."

"డేటా అన్నావుగా."

ఆ దెబ్బ నాకు రావలసిందే. తల దించుకున్నాను. ఆయన కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. "నేను ముప్పై ఏడులోనో ముప్పై ఎనిమిదిలోనో పుట్టుంటే, తొంభై నాలుగులో నన్ను ఏడాది ముందే ఇంటికి పంపినట్టేగా? గవర్నమెంటు నాకు ఒక ఏడాది జీతం బాకీ. నీ పైథాన్‌తో ఒక అర్జీ రాయించు" అన్నాడు. ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా చేసి యాభై ఎనిమిదికి రిటైరయ్యాడు ఆయన.

నవ్వాక, ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలనిపించింది. "ఇది మీ నాన్నదే అని నంబరు చెప్పదు తాతయ్యా. కాదని చెప్పడానికి వీల్లేదు, అంతవరకే."

"సర్లే" అన్నాడు. వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అప్పుడు మూత తెరిచి ఆ గీతలు చూపించాను. కళ్ళజోడుకి తోడు నా ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూపిస్తే గానీ కనపడలేదు. 2-53. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ ఏడు మార్చిలో తను ఎస్.ఎస్.ఎల్.సి. రాశానని చెప్పాడు. ఇంకా మద్రాసు రాష్ట్రమే అప్పుడు. పరీక్షలు తెనాలిలో. మొదటి రోజు పొద్దున వాళ్ళమ్మ ట్రంకుపెట్టెలోంచి ఈ వాచీ తీసి, నూలు తాడుతో చొక్కా బొత్తానికి కట్టి, జేబులో వేసి పంపింది. అప్పటిదాకా పదకొండేళ్ళు అది పెట్టెలోనే ఉంది. ఆయన చేతికొచ్చేటప్పటికి టిక్ టిక్ మంటూ నడుస్తోంది.

"పెట్టెలో కూడా నడుస్తూనే ఉండేదనుకున్నా" అన్నాడు. "అమ్మ రోజూ కీ ఇస్తుందేమో అనుకున్నా. బాగుచేయించిందని నాకు తెలీదు."

అది ఫిబ్రవరి 1953 కాకపోవచ్చు, ఆ రిపేరు ఆయన సొంత లెక్కేదో అయ్యుండొచ్చు అని చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. తర్వాత మనసొప్పక అదీ చెప్పాను. ఆయన తలూపాడు గానీ విన్నట్టు లేదు.

"ఆ రోజుల్లో ఎంత తీసుకునుంటాడంటావ్ అమ్మడూ, రిపేరుకి?"

నాకు తెలీదన్నాను.

"అప్పుడు మా ఇంట్లో డబ్బుల్లేవే" అన్నాడు. మళ్ళీ మూత వేసి, కాఫీ కూడా తాగకుండానే, కీ ఇవ్వడం మొదలుపెట్టాడు.